మేడం మిరప చేలో ఉన్న రోజు

మా హాకీ మేడం పోయిందని శరణమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. కాలేజీ రోజుల్లో శరణమ్మ మా గోల్‌కీపర్. గబ్బూరు పిల్ల, ఇంట్లో కన్నడం, మాతో తెలుగు. ఇప్పుడు దేవదుర్గలో బట్టల దుకాణం నడుపుతోంది. కాసేపు ఏడ్చింది. తర్వాత, కాలేజీలో సోమవారం సంతాప సభ పెడుతున్నారని, పాత ఆటగాళ్ళ తరఫున ఒకరు మాట్లాడాలని చెప్పింది.

"నువ్వే మాట్లాడాలె. కెప్టెన్‌వి నువ్వు. నీకంటే దగ్గర ఎవరున్నరు ఆమెకు?"

సరేనన్నాను. ఆమె గురించి చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. దాచుకున్నది ఒక్కటే. పదమూడేళ్ళుగా ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ అందరికీ చెబుతూనే ఉన్నాను.

ఆమె వచ్చేనాటికి మా కాలేజీలో ఆడపిల్లల హాకీ అంటే తాళం వేసిన ఒక గది. లోపల కొన్ని స్టిక్కులు, చెదలు తిన్నవి తీసేస్తే నాలుగు మిగిలాయి. గోడకు ఒక ఫోటో. అందులో వరసగా నిలబడ్డ అమ్మాయిలెవరో కాలేజీలో ఎవరికీ తెలియదు. మళ్ళీ టీం తయారుచెయ్యమని ఆమెను కాంట్రాక్టు మీద తీసుకున్నారు.

మొదటి వారం ఆమె మైదానంలోకి అడుగు పెట్టలేదు. పొద్దున్నే కాలేజీ గేటు పక్కన గొంతుక్కూర్చుని, వచ్చే ఆడపిల్లల నడక చూసేది. ట్రాక్ ప్యాంటు, దాని మీద మోకాళ్ళ దాకా కుర్తా, రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. చూసినవాళ్ళు ఎవరి తల్లో వచ్చిందనుకున్నారు. నచ్చిన పిల్లను పిలిచి ఒకే ప్రశ్న అడిగేది.

"నాట్లేసినవా ఎప్పుడన్న? కలుపు తీసినవా?"

తీశానన్న పిల్ల పేరు రాసుకునేది. "పొద్దంత నడుం వంచి పని చేసినోళ్ళకు నేను నేర్పేది సగమే. కట్టె చేతికిస్తే మిగతాది నడుమే చూసుకుంటది" అనేది. ఆమెదీ యాపలదిన్ని దగ్గర కూలి కుటుంబమే. చిన్నప్పుడే స్పోర్ట్స్ హాస్టల్‌కు వెళ్ళి ఎక్కడెక్కడో ఆడింది. ఎక్కడ ఆడిందో, ఎవరిని గెలిచిందో మాకు ఎన్నడూ చెప్పలేదు. కుడి మోకాలు సరిగ్గా వంగకపోవడం మాత్రం రోజూ చూసేవాళ్ళం.

నన్ను ఆమె పిలవలేదు. నేను రాయచూరు టౌన్ పిల్లను. మా నాన్నకు పటేల్ చౌక్ దగ్గర కుట్టు మిషన్ల రిపేరు దుకాణం. నేనే వెళ్ళి నిలబడ్డాను.

"నాట్లు రావు మేడం. బాగా ఉరుకుత."

"ఎవరితోటి ఉరుకుతవ్?"

"అందరికంటే ముందు ఉరుకుత."

"నేనడిగింది గది కాదు" అంది. అని, పేరు రాసుకుంది.

ఆమె లెక్కపెట్టడం కన్నడంలో, తిట్టడం ఉర్దూలో, అడగడం తెలుగులో. ఒందు, ఎరడు, మూరు అంటూ పరుగులు పెట్టించేది. బంతి వదిలేస్తే "అంధీ హై క్యా", గుడ్డిదానివా, అని అరిచేది. ప్రాక్టీసుకు ముందు ఒక్కొక్కరి ముందూ ఆగి "ఏం తిన్నవ్?" అని అడిగేది. ఏం లేదన్న పిల్లను పక్కన కూర్చోబెట్టి సంచిలోంచి పల్లీలు, బెల్లం తీసి ఇచ్చేది. అవి నమిలి మింగేదాకా స్టిక్ ముట్టనిచ్చేది కాదు. విజిల్ వాడేది కాదు, రెండు చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లకు గాజులు గలగలమనేవి. ఒక్క గాజూ పగిలేది కాదు. "కట్టె సరిగ్గ పడితే గాజుకు దెబ్బ తగలదు. గాజు పగిలిందంటే మన చెయ్యి తప్పు" అనేది. కొన్నాళ్ళకు పల్లె పిల్లలందరూ గాజులు వేసుకునే ఆడడం మొదలుపెట్టారు.

మా మైదానం సగం రాళ్ళు. ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరూ ఇరవై రాళ్ళు ఏరి మూలన వెయ్యాలి, ఆమెతో సహా. మూడు నెలలకు మూలన కుప్ప అయ్యింది. విరామంలో దాని మీద కూర్చుని, కింద చదునైన నేలను చూస్తుంటే అది మేం చేసిందేనని నమ్మబుద్ధేసేది కాదు.

బంతిని ఎవరైనా ఎక్కువసేపు పట్టుకుని పాస్ ఇవ్వకపోతే ఆట ఆపేసేది. "బంతి నీది కాదు. కొద్దిసేపు నీ దగ్గర ఉన్నది, గంతే." ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నది నేనే.

మొదటి మ్యాచ్ బళ్ళారిలో. తొమ్మిది గోల్స్ పడ్డాయి. మేం ఒక్కటీ వెయ్యలేదు. తిరిగి వచ్చే బస్సులో తలా ఒక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం. మాన్వి దాటాక ఆమె సీట్లోంచి లేచి, పైనున్న కడ్డీ పట్టుకుని మా వైపు తిరిగింది.

"తొమ్మిది పడ్డయి. పదోది పడాల్సింది, పడలే. ఎవరాపిన్రు?"

శరణమ్మ భయంభయంగా చెయ్యెత్తింది.

"ఎట్లాపినవ్ చెప్పు. అందరు వినాలె."

శరణమ్మ లేచి నిలబడి, ఊగే బస్సులో, కాలు ఎటు పెట్టిందో, బంతి ఎటు నుంచి వచ్చిందో చెప్పింది. రాయచూరు చేరేదాకా ఆ ఒక్క బంతి గురించే మాట్లాడుకున్నాం. తర్వాతి ఏడు అదే బళ్ళారి వాళ్ళను ఒక్క గోల్ దగ్గరే నిలువరించాం. ఈ రెండు కథలూ నేను ఆఫీసులో, పెళ్ళిళ్ళలో ఎన్నోసార్లు చెప్పాను. వినేవాళ్ళు ఆమెను మెచ్చుకుంటారు. పనిలో పనిగా నన్నూ మెచ్చుకుంటారు.

నేను ఫైనల్ ఇయర్‌లో ఉండగా నాగమణి వచ్చింది. సింధనూరు దగ్గర గోరేబాళ నుంచి. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డవాళ్ళ పిల్ల. తల్లిదండ్రులది సొంత పొలం కాదు, నాట్ల కూలి. మా మాటలకు ఆ పిల్ల నవ్వేది, ఆ పిల్ల మాటలకు మేం నవ్వేవాళ్ళం. స్టిక్ పట్టిన రెండో వారానికే నాగమణి చేతిలో బంతి చెప్పినట్టు వినేది. నేను ఆడేది సెంటర్ హాఫ్, జట్టు నడుమ నిలబడే చోటు. ఒకరోజు మేడం నన్ను ఎడమ పక్కకు జరిపి నాగమణిని అక్కడ నిలబెట్టింది.

"కెప్టెన్ నువ్వే. చోటే మారింది" అంది నాతో.

"అట్లనే మేడం" అన్నాను. లోపల మాత్రం ఏదీ అట్లనే లేదు.

అంతర కళాశాల పోటీలు పదిహేను రోజులున్నాయనగా శరణమ్మ రావడం మానేసింది. వాళ్ళ చేలో మిరపకాయ కోతకొచ్చింది. కూలీలు దొరకడం లేదు. పిల్లను పంపనన్నాడు వాళ్ళ నాన్న. శుక్రవారం సాయంత్రం మేడం నన్ను పిలిచింది.

"రేపు నేను గబ్బూరు పోతున్న. రెండో శనివారం, కాలేజి లేదు గాని ప్రాక్టీసు ఆపకు. ఎనిమిదికి బంద్ చెయ్. ఎండల ఎవ్వర్ని ఉరికించకు. జిమ్మేదారి నీది."

మర్నాడు ఆమె ఏం చేసిందో శరణమ్మ తర్వాత చెప్పింది. వాళ్ళ నాన్న "పోటీలకు పంపితే కాయలు ఎవరు కోస్తారు?" అని అడిగితే, "నేను కోస్త. ఈ దినం పిల్ల చేసే పని నేను చేసి చూపిస్త. మీకు నచ్చితేనే పంపున్రి" అని చీర కొంగు లాగా తువ్వాలు తలకు చుట్టుకుని చేలోకి దిగిందట. సరిగ్గా వంగని మోకాలితో సాలు వెంట సాలు సాయంత్రం దాకా కోసింది. మొదట నవ్విన మనిషి మధ్యాహ్నానికి నవ్వడం మానేశాడు. నాలుగింటికి, "పిల్లను తీసుకుపోండి తాయీ" అన్నాడు.

ఆ రోజు పొద్దున ఇక్కడ మైదానంలో నాగమణి రెండు పాసులు వదిలేసింది. మూడోది వదిలేసినప్పుడు నేను ఆట ఆపాను. ఎనిమిది దాటింది. మిగతావాళ్ళను పంపేసి, ఆ పిల్లను ఉండమన్నాను. స్టిక్ పట్టు సరిదిద్దుతున్నట్టు అదీ ఇదీ చెప్పి పదింటి దాకా నిలబెట్టాను. తర్వాత పన్నెండు రౌండ్లు కొట్టమన్నాను.

"అక్కా, ఇవ్వాళ శనివారం ఉపవాసం. ఏమీ తినలేదు" అంది.

"దేవుడు ఉరకొద్దన్నడా?"

ఏం తిన్నావని అడగడం మేడం మాకు నేర్పిన మొదటి పాఠం. ఆ పిల్ల నేను అడక్కుండానే చెప్పింది, విన్నాను కూడా. రాళ్ళ కుప్ప పక్కన నీడలో కూర్చుని లెక్కపెట్టాను. ఏడో రౌండ్‌లో పరుగు వంకర తిరిగింది. నటిస్తోందనుకున్నాను. తొమ్మిదో రౌండ్‌లో పడిపోయింది. దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

హాస్టల్ వార్డెన్, నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వడదెబ్బ అన్నారు. మూత్రపిండాలకు ఏమైనా అయ్యిందేమో చూడాలన్నారు. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచింది. వార్డెన్ బయటికి వెళ్ళినప్పుడు మంచం మీదికి వంగి చెప్పాను.

"నేను ఉరికించిన అని ఎవరికి చెప్పకు. మేడం చూసుకుంటది."

తల ఊపింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, నేను దాని కెప్టెన్ని.

సాయంత్రం మేడం గబ్బూరు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చింది. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని నడుస్తోంది. అరచేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. నాగమణి మొహం మీదికి వంగి, చెయ్యి చాపబోయి ఆగింది. "కారం ఉన్నది చేతులకు" అని, మోచేత్తో ఆ పిల్ల నుదుటి మీది జుట్టు పక్కకు తోసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎన్ని రౌండ్లు?"

"తనంతట తనే ఉరికింది మేడం. నేను వద్దన్న."

చాలాసేపు నన్ను చూసింది. "అట్లనా" అంది.

మంగళవారం ప్రిన్సిపాల్ గదికి అందరినీ పిలిచారు. నాగమణి తల్లి కుర్చీ అంచు మీద కూర్చుంది. పక్కన కాలేజీ కమిటీ సభ్యులిద్దరు. మేడం, నేను నిలబడ్డాం. ప్రిన్సిపాల్ కన్నడంలో అడిగాడు, ప్రాక్టీసు ఉన్న రోజు కోచ్ మైదానంలో ఎందుకు లేదని. గోల్‌కీపర్ కోసం గబ్బూరు వెళ్ళానంది. పర్మిషన్ తీసుకున్నారా అంటే లేదంది. అప్పుడు తల్లి తెలుగులో అడిగింది.

"ఉపాసం ఉన్న పిల్లని ఎండలో పరిగెత్తించమని ఎవరు చెప్పారండీ? నాకు అదొక్కటీ కావాలి."

మేడం నా వైపు చూడలేదు. ఎదురుగా గోడను చూస్తూ ఊరుకుంది. నాకు సందు ఇస్తోందని తెలుసు. నోరు తెరిచి ఒక్క మాట అనడానికి సరిపోయేంత సందు. బయట ఎవరో నోటీసు బోర్డుకు కాగితాలు అంటిస్తున్నారు, ఆ చప్పుడు విన్నాను. నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"నేనే చెప్పి పోయిన" అంది మేడం. "నా టీం. తప్పు నాది."

ఆ నెలాఖరుకు ఆమెను తీసేశారు. నాగమణిని తల్లి గోరేబాళ తీసుకుపోయింది. కాలేజీకి మళ్ళీ పంపలేదు. మేం పోటీలకు వెళ్ళాం. సెంటర్ హాఫ్‌లో నేను ఆడాను. రెండు మ్యాచ్‌లు గెలిచి సెమీఫైనల్ దాకా వెళ్ళాం. మా కాలేజీ అమ్మాయిలు అంత దూరం వెళ్ళడం అదే మొదలన్నారు. రెండో మ్యాచ్ నాడు ప్రహరీ గోడ అవతల రెండు చప్పట్లు వినిపించాయి. శరణమ్మ గోల్ వదిలేసి తిరిగి చూసింది. మేడం సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చి, లోపలికి రాకుండా, రోడ్డు మీద నిలబడి చూస్తోంది. విరామంలో అందరూ గోడ దగ్గరికి పరిగెత్తారు. నేను షూ లేసు కట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ సెమీఫైనల్ సర్టిఫికెట్ మీదే యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యాను. దాని మీదే క్రీడాకారుల కోటాలో ఈ ఉద్యోగం వచ్చింది.

నాలుగేళ్ళ కిందట ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ఏదో ధ్రువపత్రం కావాలి. అప్పటికి యాపలదిన్నిలో బడి పిల్లలకు వెదురు కట్టెలతో ఆట నేర్పిస్తోందట. జుట్టు తెల్లబడింది, గాజులు అవే. నేను లేచి కుర్చీ వేశాను, టీ తెప్పించాను, పని అరగంటలో చేయించాను. పక్క బల్ల ఆయన ఎవరని అడిగితే మా కోచ్ అన్నాను. మేడం నవ్వి ఆయనతో చెప్పింది.

"మంచి కెప్టెన్ సార్ ఈమె. ఇరవై మందిని నిలబెట్టింది."

వెక్కిరింపేమోనని ఆమె మొహంలో వెతికాను. లేదు. ఆమె నిజంగానే అన్నది. మెట్ల దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. "మేడం, ఆ దినం..." అన్నాను. ఆమె ఆగి నా వైపు తిరిగి చూసింది, ప్రిన్సిపాల్ గదిలో ఆగినట్టే. "ఆ దినం ఎండ బాగుండె" అన్నాను. "ఔ, బాగుండె" అని, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

సోమవారం సభకు వెళ్ళాను. ఆమె ఫోటోకు దండ వేశారు. బళ్ళారి బస్సు కథ చెప్పాను, అందరూ నవ్వారు. గాజుల సంగతి చెప్పాను. రాళ్ళ సంగతి చెప్పాను. కూర్చోబోతూ మూడో వరసలో నాగమణిని చూశాను. అంగన్‌వాడీ టీచర్ల చీరలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని నన్నే చూస్తోంది. పదమూడేళ్ళ తర్వాత అదే మొదటిసారి చూడడం. మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళి చెప్పాను. పన్నెండు రౌండ్లు, శనివారం, ఆసుపత్రిలో చెప్పిన అబద్ధం, ప్రిన్సిపాల్ గది, అన్నీ. సభ నడిపించే లెక్చరర్ మెల్లగా మైకు అందుకుని, "కెప్టెన్‌గారు చాలా బాధలో ఉన్నారు" అని తర్వాతి వక్తను పిలిచాడు. శరణమ్మ నా పక్క కుర్చీ ఖాళీ చేసి వెనక్కి వెళ్ళి కూర్చుంది.

బయట నాగమణి నా కోసం ఆగి ఉంది.

"నాకు చెప్పేదేముంది అక్కా, పరిగెత్తింది నేనే కదా. నేనూ నోరు మూసుకునే ఉన్నాను" అంది. "చెప్తే మా అమ్మకి చెప్పండి. మా అమ్మ ఇప్పటికీ ఆవిడ్నే తిడతా ఉంటది. పోయిందని చెప్పినా తిట్టింది. నేను చెబితే, పోయినావిడ మీద జాలితో చెప్తున్నానంటది. మీరు చెప్తే నమ్ముద్ది."

ఆ ఆదివారం గోరేబాళ వెళ్ళాను. ఇంటి దగ్గర ఎవరూ లేరు, నాట్లలో ఉన్నారన్నారు. కాలువ గట్టు వెంట నడిచి వెళ్ళాను. కూలీలు అన్నాలకు లేచి గట్టు మీద కూర్చున్నారు. నాగమణి తల్లి నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో చెప్పాను. ఎందుకొచ్చానో చెప్పాను. ఒక్కదాన్నీ వదలకుండా, నిలబడే, మొత్తం చెప్పాను. ఆమె గిన్నె పక్కన పెట్టి విన్నది. తిడుతుందనుకున్నాను.

"ఆవిడ మా ఇంటికి రెండుసార్లు వచ్చిందమ్మా" అంది చివరికి. "రెండోసారికి ఉద్యోగం కూడా పోయిందంట. ఆట వద్దులెండి, పిల్ల చదువు మాన్పించకండి, అదొక్కటే అడగడానికొచ్చానంది. గుమ్మం ఎక్కనివ్వలా. వాకిట్లో ఎండలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. గంటసేపు నిలబడింది. నేను కాదమ్మా అని ఒక్క మాట అనలా. అనుంటే నేను ఆగేదాన్ని." గిన్నె మీద మూత పెట్టింది. "పోతా పోతా మంచినీళ్ళు అడిగింది. ఇవ్వలేదు."

పక్కనున్న ఆడవాళ్ళు తినడం ఆపారు.

ఆమె లేచి, బురద చేతులు చీరకు తుడుచుకుని, బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి నాకు చాపింది. నా మొహం చూడలేదు.

"పట్టు. ఎండనపడి వచ్చావు."

దాహంగా ఉంది. తీసుకుని తాగాను.